బంతాట దగ్గర బంతి భోజనం

అమెరికాలో పెద్ద బేస్‌బాల్ లీగ్ జట్టు ఒక్కోటి ఏడాదికి 162 మ్యాచులు ఆడుతుంది. అందులో సగం, అంటే 81, సొంతూళ్ళోనే. క్రికెట్ స్టేడియంలో గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునే అలవాటున్న నాకు శాన్‌ఫ్రాన్సిస్కో ఒరాకిల్ పార్కులో జనం అంత తీరిగ్గా ఎందుకున్నారో ఈ లెక్క విన్నాకే బోధపడింది. అన్ని ఆటల్లో ఒకటి పోతే కొంప మునగదు. వాళ్ళు ఆట కోసం వచ్చిన మాట నిజమే కానీ, నలుగురూ కలిసి కూర్చుని తినడానికే ఎక్కువమంది వచ్చారని నా అనుమానం.

నన్ను తీసుకెళ్ళినవాడు కాకినాడలో నాతో ఇంజినీరింగ్ చదివాడు. ఇప్పుడు సన్నీవేల్‌లో కాపురం. "బావా, ఆట అర్థం కాకపోయినా పర్లేదు. కడుపు ఖాళీగా ఉంచుకో, స్వెట్టర్ తెచ్చుకో" అన్నాడు. జులై అయినా సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది. కాల్‌ట్రెయిన్ నిండా జెయింట్స్ జట్టు నలుపు, నారింజ చొక్కాలే. దిగి కాస్త నడిస్తే ఒకప్పటి జెయింట్స్ ఆటగాడు విల్లీ మేస్ విగ్రహం. ఆయన జెర్సీ నంబరు 24 కాబట్టి చుట్టూ 24 పామ్ చెట్లు నాటారు, కుడివైపు గోడని 24 అడుగులు లేపారు. ఆ గోడ అవతల నీళ్ళే. బంతి అటు పడితే అందుకుందామని చిన్న పడవల్లో కొందరు కాపు వేసి ఉంటారు. స్టాండ్‌లో పడిన బంతి ఎవరికి దొరికితే వాళ్ళదే, మనలాగా తిరిగి విసరక్కర్లేదు.

ఇక తిండి. మెట్లెక్కేసరికే వెల్లుల్లి ఘాటు ఎదురొచ్చింది. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద నూరిన వెల్లుల్లి, నూనె, కొత్తిమీరలాంటి పార్‌స్లీ ఆకు చల్లి ఇస్తారు. ఇక్కడికి దక్షిణాన ఉన్న గిల్‌రాయ్ వెల్లుల్లి పంటకు పేరున్న ఊరు, అందుకే ఈ మైదానంలో వెల్లుల్లిది ఇంటి అధికారం. పచ్చి వెల్లుల్లి కాస్త ఎక్కువే పడింది. నాకు అదే నచ్చింది. ఒకప్పటి ఆటగాడు ఓర్లాండో సెపేడా ముద్దుపేరు చా చా. ఆ పేరుతో అన్నం, నల్ల చిక్కుళ్ళు, కోడి మాంసం, అనాస ముక్కలు కలిపిన గిన్నె ఒకటి అమ్ముతారు. అన్నం కనిపించగానే మావాడు వరసలో నిలబడిపోయాడు. పీతల శాండ్‌విచ్ బాగుందన్నారు గానీ ధర చూసి దండం పెట్టాను.

బయటి తిండి కూడా లోపలికి రానిస్తారు. మా సంచిలో చెల్లెమ్మ, అంటే మావాడి భార్య, చేసిచ్చిన పులిహోర డబ్బా ఉంది.

వేరుశనక్కాయలమ్మేవాడు మెట్ల దగ్గరే ఆగాడు. మా పొట్లం అయిదారుగురు అపరిచితుల చేతులు మారి, బంతిలో వడ్డన సాగినట్టు, మా దాకా వచ్చింది. చివర అందించినది నా పక్క సీటు పెద్దాయన. ఒళ్ళో కాగితం, చేతిలో పెన్సిలు. ఆటలో జరిగిన ప్రతిదీ రాసుకుంటున్నాడు. పిచ్చర్ 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6... మైదానంలో ఒక్కో స్థానానికీ ఒక్కో అంకె. స్ట్రైకౌట్‌కి కె అక్షరం. బ్యాటర్ బ్యాట్ ఆడించకుండానే మూడో స్ట్రైక్‌కి అవుటైతే ఆ కె తిరగబడుతుంది. నాకు ఆట నేర్పింది ఆ కాగితమే. పొట్టు కింద పారేయమని కూడా ఆయనే చెప్పాడు. నేను గుప్పిట్లో దాచుకుంటుంటే నవ్వి, "ఇక్కడ అదే మర్యాద" అన్నాడు.

2023లో పిచ్చర్‌కి గడియారం పెట్టారు. దాని గడువులోగా బంతి వేసి తీరాలి. సగటు ఆట ఇరవై నిమిషాలకు పైగా తగ్గింది. చూడ్డానికి అదే మేలని మావాడి వాదన. పెద్దాయనకు మాత్రం కోపం, కబుర్లకి కోత పడిందట. నా ఓటు పెద్దాయనకే. బంతికీ బంతికీ మధ్య ఖాళీ లేకపోతే పులిహోర ఎప్పుడు పంచుకుంటాం? డబ్బా మూత మీద ఆయనకి కాస్త పెట్టాను. మిరపకాయ పక్కకి తీసి, మిగతాదంతా తిన్నాడు.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒళ్ళు విరుచుకుని 1908 నాటి బేస్‌బాల్ పాట పాడారు. రాసిన జాక్ నార్‌వర్త్ అప్పటికి ఒక్క ఆటా చూడలేదని చెబుతారు. అయినా అందులో వేరుశనక్కాయల్ని, క్రాకర్ జాక్ పేలాల్ని మాత్రం మరిచిపోలేదు! ఆ తర్వాత సీగల్ పక్షులు దిగడం మొదలైంది. ఆట ముగిసే వేళ, పారేసిన తిండి కోసం వస్తాయవి. మావాడు ఫ్రైస్ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చివరి ఇన్నింగ్స్ చూశాడు.

జెయింట్స్ ఓడారు. తిరుగు రైల్లో పెద్దాయన కూడా మా బోగీలోనే ఎక్కాడు. మావాడు ఇంటికి ఫోన్ చేశాడు: "ఇదిగో, ఇంగువ ఏ కొట్లో కొన్నావు? ఇక్కడొక పెద్దాయన పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు."