తీతువుకూ మాకూ నడుమ

మన కళాశాల వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా సంపాదక వర్గంవారు కోరినప్పుడు, తెలుగు శాఖవారము గనుక ఏ ప్రబంధాన్ని గురించో, ఏ శతకాన్ని గురించో వ్రాస్తామని వారు భావించి ఉంటారు. గత సంవత్సరాలలో మేము అట్లే చేశాము కూడా. ఈసారి ఒక కెమెరాను గురించి, దానికి తగిలించే పొడుగు లెన్సును గురించి వ్రాయదలచాము. తెలుగు పంతులుకు కెమెరాతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉన్నది. ఆ పనితో పాటు మీ ముందు ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటి ఉన్నది.

మన గ్రంథాలయంలో, వార్తాపత్రికల బల్లకు పైన, ఫ్రేము కట్టించిన ఒక ఫోటో మీరందరూ చూచే ఉంటారు. తీతువు పిట్ట ఒకటి రెక్కలు విప్పి, నోరు తెరచి, చూపరుల మీదికి దూసుకొని వస్తున్నట్లు ఉంటుంది. 2023 వార్షికోత్సవ ప్రదర్శనలో దానికి ప్రథమ బహుమతి లభించినది. దానిని తీసినవారము మేమే. ఆ ఫోటోను మెచ్చుకొననివారు లేరు. ఆ పిట్ట ఎందుకు నోరు తెరచినదో మాత్రం ఎవరూ అడుగలేదు, ఒక్క విద్యార్థిని తప్ప.

2022 ఏప్రిల్ నెలలో ఒకనాడు, ఉదయం 11 గంటల వేళ, ఆటస్థలం ఉత్తరపు గోడ వెంబడి కంకర పోసిన చోట తీతువు గుడ్లు పెట్టినదని కొందరు విద్యార్థులు మాకు చెప్పారు. తీతువు గూడు కట్టదు. నేలమీద చిన్న గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు పేర్చి, మచ్చల గుడ్లు పెడుతుంది. కనుచూపుకు అవి రాళ్లలోనే కలిసిపోతాయి. మా చేతిలో అప్పుడున్నది కెమెరాతో పాటు వచ్చే మామూలు 18–55 మిల్లీమీటర్ల లెన్సు. పిట్ట ఫోటోలో కాస్త పెద్దదిగా కనిపించవలెనంటే ఎనిమిది అడుగుల దూరానికి పోవలసినదే. మేము పోయాము. తల్లి లేచినది. అరుస్తూ మా తలల మీదుగా తిరిగినది. తోడుపక్షి కూడా వచ్చి చేరినది.

“సార్, అది మనల్ని చూసి భయపడుతున్నదేమో! వెళ్లిపోదామా?” అని ఒక విద్యార్థిని అడిగినది.

“ఒక్క నిమిషం ఆగమ్మా. మంచి ఫోటో వస్తున్నది” అన్నాము.

ఆ ఒక్క నిమిషం అరగంట అయినది. ఎండవేళ తీతువు గుడ్లమీద కూర్చుండేది నీడ పట్టడానికని, కడుపు ఈకలను నీటిలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుందని అప్పటికి మాకు తెలియదు. ఆ అరగంటసేపు నాలుగు గుడ్లూ కంకరమీద ఎండకు మాడాయి. వారం తరువాత పోయి చూడగా గుడ్లు అట్లే ఉన్నాయి, పక్షులు లేవు. మరునాటికి గుడ్లు కూడా లేవు. కాకి తిన్నదో, కుక్క తిన్నదో చెప్పలేము. మా అరగంటే దానికి కారణమని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. కారణం కాదని మా మనస్సుకు నచ్చజెప్పడం మాత్రం మా తరం కాలేదు.

ప్రదర్శన రోజున అదే విద్యార్థిని మా దగ్గరకు వచ్చి, “సార్, ఆ గుడ్లు ఏమైనాయి?” అని అడిగినది. చుట్టూ అతిథులున్నారు. మెడలో బహుమతి పతకం ఉన్నది. “పిల్లలై ఎగిరిపోయి ఉంటాయమ్మా” అన్నాము. తెలిసి తెలిసి ఒక విద్యార్థికి చెప్పిన అబద్ధం అది. ఆనాటి నుండి గ్రంథాలయంలో ఆ బల్ల దగ్గర కూర్చుండి పత్రిక చదవడం మానుకున్నాము.

కెమెరా మారవలెనని అప్పుడే నిశ్చయించుకున్నాము. దుకాణాలలోను, తెలిసిన మిత్రులవద్దను విచారించగా ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా లేనిదే పక్షుల జోలికి పోరాదని కొందరు, క్రాప్ సెన్సార్ కెమెరా అయితే 500 లెన్సు 750గా మారిపోతుందని మరికొందరు. ఈ మారిపోవడం ఎట్లో మాకు అంతుపట్టలేదు. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులొకరు ఖాళీ తరగతి గదిలో నల్లబల్ల మీద లెక్క వేసి మా సందేహం తీర్చారు. ఆ లెక్క మీకూ ఉపయోగపడగలదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో బొమ్మ పడే పలక, అనగా సెన్సార్, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. క్రాప్ సెన్సార్ సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తు. కానన్ వారిది ఇంకొంచెం చిన్నది. క్రాపు అనే మాట మనకు జుట్టు విషయంలో తెలిసినదే. ఇక్కడా జరిగేది అదే, అంచులు కత్తిరించబడతాయి. లెన్సు మారదు. 500 లెన్సు 500గానే ఉంటుంది. పిట్ట బొమ్మ రెండు పలకలమీదా ఒకే పరిమాణంలో పడుతుంది. చిన్న పలకలో చుట్టూ ఉన్న ఖాళీ తక్కువ గనుక పిట్ట పెద్దదిగా తోస్తుంది. 750 అనే అంకెకు ఇంతకు మించిన అర్థం లేదు.

అయితే క్రాప్ సెన్సార్ వలన ప్రయోజనమే లేదా? ఉన్నది. తీతువు ముక్కు నుండి తోక వరకు సుమారు 35 సెంటీమీటర్లు. ఫోటో వెడల్పులో మూడవ వంతు అది ఆక్రమించవలెనని అనుకొందాము. పాత 55 లెన్సుతో అయితే సుమారు 8 అడుగుల దూరంలో నిలబడవలెను. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 500 లెన్సు తగిలిస్తే 48 అడుగులు. అదే లెన్సును క్రాప్ సెన్సార్ కెమెరాకు తగిలిస్తే 72 అడుగులు. చిన్న పలక వలన మనకు దక్కినది ఆ 24 అడుగుల ఎడం. 48 అడుగుల దగ్గర లేచిపోయే పిట్ట 72 అడుగుల దగ్గర లేవకపోవచ్చు. మాకు కావలసినది సరిగా అదే.

పెద్ద పలక గల కెమెరాతో తీసి, తరువాత అంచులు మనమే కత్తిరించుకోవచ్చు గదా అని అడగవచ్చు. నిజమే. కాని ఆ కత్తిరించిన భాగంలో కూడా క్రాప్ సెన్సార్‌లో ఉన్నంత వివరం మిగలవలెనంటే 45 మెగాపిక్సెళ్ల తరగతి కెమెరా కావలెను. దాని వెల మా వంటి అధ్యాపకునికి అందేది కాదు. క్రాప్ సెన్సార్‌కు లోపం లేకపోలేదు. పలక చిన్నది గనుక అది సేకరించే వెలుతురు తక్కువ. తెల్లవారుజామున, సంధ్యవేళ ఫోటోలో గింజలు గింజలుగా మచ్చలు తేలుతాయి. ఆ లోపం ఎరిగే కొన్నాము.

ఇక ధనం సంగతి. కెమెరాకు, లెన్సుకు కలిపి మా రెండు నెలల జీతం దాటినది. వాయిదాల మీద తీసుకొమ్మని దుకాణదారు చెప్పాడు. ఇంటికి వచ్చి అబ్బాతో ఆ మాట అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “వడ్డీ సొమ్ముతో వచ్చిన వస్తువు మన ఇంట్లో ఇంతవరకు లేదు, బేటా. ఆ పిట్ట ఎక్కడికీ పోదు. కూడబెట్టుకొని కొనుక్కో” అన్నారు. పది నెలలు కూడబెట్టాము. 2024 జనవరిలో సెకండ్ హ్యాండ్‌లో నికాన్ డి500 కెమెరాను, 200–500 లెన్సును కొన్నాము. డి500 కెమెరా 2016లో వచ్చినది. దాని తయారీ నిలిచిపోయినది గనుక పాతవి అందుబాటు ధరకు దొరుకుతున్నాయి. సెకనుకు పది ఫోటోలు తీయగలదు.

600 మిల్లీమీటర్ల వరకు సాగే సిగ్మా, టామ్రాన్ లెన్సులు కూడా మా ఆలోచనకు వచ్చాయి. వాటి పొడుగు చివరన వెలుతురు ద్వారం ఎఫ్ 6.3, మేము కొన్న దానిది ఎఫ్ 5.6. అంకెలో తేడా స్వల్పమే. వెలుతురులో అది దాదాపు నాలుగవ వంతు అధికం. మాకు తీరిక దొరికేది ఫజర్ నమాజు అయిన తరువాత, కళాశాల గంట మ్రోగే లోపల. ఆ వేళ వెలుతురే కరవు గనుక నూరు మిల్లీమీటర్లను వదులుకొని వెలుతురునే ఎంచుకున్నాము. లెన్సుకూ కెమెరాకూ నడుమ పెట్టే 1.4 రెట్ల కన్వర్టరు కూడా వద్దనుకున్నాము. దానివలన దూరం పెరుగుతుంది గాని వెలుతురు సగానికి సగం పడిపోతుంది.

కొన్న తరువాత తెలిసినవి మరికొన్ని. లెన్సు బరువు 2 కిలోల 300 గ్రాములు, కెమెరాతో కలిసి మూడు కిలోలు దాటుతుంది. పావుగంట ఎత్తి పట్టుకుంటే భుజాలు పట్టేస్తాయి. మా ఇంట్లో పాత దిండు గలీబును సంచీగా కుట్టి బియ్యం నింపి ఇచ్చారు. దానిని నేలమీద ఉంచి, పైన లెన్సును ఆనించి, మేము బోర్లా పండుకొని తీయడం అలవాటు చేసుకున్నాము. పండుకొన్న మనిషిని చూచి పిట్టలు అంతగా బెదరవు. లెన్సులోని చలన నివారక యంత్రం మన చేతుల వణుకును అణచగలదు. పిట్ట కదలికను అణచలేదు. కూర్చున్న పిట్టకు సెకనులో వెయ్యవ వంతు, ఎగిరే పిట్టకు రెండువేలవ వంతు షట్టరు వేగం పెట్టుకోవలెను. వేసవిలో ప్రొద్దు ఎక్కిన తరువాత నేలనుండి లేచే ఆవిరికి గాలి ఎండమావివలె అల్లాడుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సు అయినా బొమ్మ అలుక్కుపోయినట్లే వస్తుంది.

ఈ కష్టమంతా విన్న ఉర్దూ శాఖ పెద్దలొకరు ఒక మాట సెలవిచ్చారు. “మా భాషలో సాహిత్యానికీ, మర్యాదకూ ‘అదబ్’ అని ఒకే పేరు గదా భాయ్. పెద్దల ముందు ఎంత ఎడంగా నిలబడాలో ఎరిగి ఉండటం కూడా అదబే. పిట్టల ముందు అది మీకు ఇప్పుడు పట్టుబడుతున్నది.” సాహిత్యం బోధించే మాకు ఆ మాట సూటిగా తగిలినది.

మహనీయుల జీవితాలలోను ఇట్టి మార్పు కనబడుతుంది. 1931–32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ గారు బాల్యంలో గాలి తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. మెడపై పసుపు మచ్చ గల ఆ పిచ్చుక ఏ జాతిదో తెలుసుకోవడానికి దానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి తీసుకొని పోవడంతోనే ఆయన పక్షిశాస్త్ర జీవితం మొదలైనది. 1985లో వెలువడిన తన ఆత్మకథకు ఆయన ఆ పిచ్చుక నేలకూలడాన్నే పేరుగా పెట్టుకున్నారు. తాను కొట్టిన పిట్టను ఆయన దాచలేదు. మేము మాత్రం రెండేళ్లు దాచాము.

2024 ఏప్రిల్‌లో అదే కంకరమీద మరల తీతువు గుడ్లు పెట్టినది. అది వెనుకటి తీతువేనో కాదో చెప్పలేము. డెబ్బది రెండు అడుగులు టేపుతో కొలిచి, వేపచెట్టు నీడన సంచీ పరచి పండుకొన్నాము. పిట్ట ఒకసారి మా వైపు చూచినది. లేవలేదు. మొదటి నాడు మూడు ఫోటోలు తీసి లేచి వచ్చాము. ఆ నెలంతా వారానికి ఒక్కనాడు, అరగంటకు మించకుండా పోయాము. తడిసిన కడుపుతో అది వచ్చి గుడ్లమీద కుదురుకొనడం అప్పుడే కళ్లారా చూచాము. మే నెల మొదటి వారంలో కంకరమీద మూడు పిల్లలు నడిచాయి. నాలుగవ గుడ్డు పొదగలేదు.

నోరు తెరవని, రెక్క విప్పని, కుదురుగా కూర్చున్న ఆ తీతువు ఫోటోలో విశేషమేమీ లేదు. ప్రదర్శనకు పెడితే బహుమతి రాకపోవచ్చు. అయినా కళాశాల కమిటీవారికి ఈ ముఖంగా మా విన్నపం ఒకటి. గ్రంథాలయంలోని ఆ పాత ఫోటోను దించివేసి, ఆ ఫ్రేములో ఈ ఫోటోను అమర్చవలసినదిగా కోరుతున్నాము. 2023లో పుచ్చుకున్న పతకాన్ని ప్రిన్సిపాలు గారి కార్యాలయంలో అప్పగించాము. ఈ కెమెరా, లెన్సు, బియ్యపు సంచీ ఇకమీదట ఏ విద్యార్థి కోరినా ఆదివారం ఉదయాలలో వాడుకోవచ్చు. టేపు మాత్రం వెంట తీసుకొని పోవలెను.

ఆనాడు మమ్మల్ని ప్రశ్నించిన ఆ విద్యార్థిని ఇప్పుడు మన కళాశాలలో లేదు. చదువు ముగించుకొని వెళ్లిపోయినది. ఈ సంచిక పూర్వ విద్యార్థులకు కూడా చేరుతుందని విన్నాము. అమ్మా, ఆ గుడ్లు పిల్లలు కాలేదు. ఆ సంగతి మాకు ఆనాడే తెలుసు.