ప్రకటనల కాగితం

మా ఊరి గుళ్లో ఆదివారం పూజకు ఎంత ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఏమీ అనరు. ప్రకటనలకు ముందే లేచి వెళ్లిపోతే మాత్రం ‘ఏం, ఇంట్లో ఎవరికైనా బాగా లేదా?’ అని సాయంత్రానికల్లా నలుగురు అడుగుతారు.

కతోలిక గుడికి వెళ్లే అలవాటు లేనివారికి కాస్త చెప్పాలి. దివ్యసత్ప్రసాదం పంచడం అయిపోయాక, చివరి దీవెనకు ముందు, ఫాదర్ గారు ఒక కాగితం చేతిలోకి తీసుకుని ‘కూర్చోండి’ అంటారు. ఆ వారం విచారణలో జరగబోయేవన్నీ ఆ కాగితంలో ఉంటాయి. విచారణ అంటే పోలీసులు చేసేది కాదండోయ్! ఒక గుడి, దాని కింద ఉండే ఊళ్లు, వాటిలోని కుటుంబాలు... అన్నీ కలిపి ఒక విచారణ. దాని బాగోగులు చూసే ఫాదర్ గారు విచారణ గురువు.

‘బుధవారం సాయంత్రం పేటలో జపమాల. శుక్రవారం జబ్బుపడిన వారికి ఇళ్ల దగ్గరే సత్ప్రసాదం. జ్ఞానస్నానాలు ఉన్నవాళ్లు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లు ముందుగా ఇవ్వాలి. మరియదళం సభ్యులు పూజ తర్వాత ఆగాలి. గుడి ఊడ్చే వంతు ఈ వారం రెండో బజారు వారిది.’ ఇలా సాగుతుంది. ప్రసంగంలో కునికిపాట్లు పడిన పెద్దవాళ్లు కూడా అప్పుడు లేచి సర్దుకుని కూర్చుంటారు. ముఖ్యంగా పెళ్లి ప్రకటనలప్పుడు. ‘ఫలానా వారి కుమారుడికి, ఫలానా వారి కుమార్తెకు వివాహం నిశ్చయమైంది. ఇది మొదటి ప్రకటన. ఆటంకం ఏదైనా ఉన్నట్లు తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయాలి’ అనగానే ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలవుతాయి. వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. మూడోసారికి ఆ పిల్ల సిగ్గుపడటం కూడా మానేస్తుంది.

‘మా రోజుల్లో పూజంతా లాటిన్‌లోనే. ఫాదర్ గారు అటు తిరిగి చదువుకునేవారు. మనకి తెలిసేది ప్రసంగం, ఈ ప్రకటనలే’ అనేది మా నాయనమ్మ. 1962 నుంచి 65 దాకా రోములో జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. అయినా ప్రకటనలంటే ఆమెకున్న మోజు తగ్గలేదు.

ఆ కాగితం మా ఇంట్లోనే తయారయ్యేది. నాన్న ఉపదేశి. ఫాదర్ గారు పక్క ఊళ్లకు వెళ్లినప్పుడు ప్రార్థన నడిపించేది, పిల్లలకు జపాలు నేర్పించేది, చావుకీ పుట్టుకకీ ముందుగా కబురందుకునేది ఆయనే. శనివారం రాత్రి ఫాదర్ గారు చెప్పినవన్నీ గుర్తు చేసుకుని నాన్న చెబుతుంటే, అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నాతో రాయించేవారు. అయిదో తరగతి నుంచి పదో తరగతి దాకా మా విచారణ ప్రకటనలన్నీ నా చేతిరాతే. ఆ గొప్ప బడిలో ఎంతమందికి చెప్పుకున్నానో!

అలా రాస్తూ రాస్తూ ఏడాదంతా నాకు కంఠతా వచ్చేసింది. ఫిబ్రవరి మొదట్లో గుణదల ప్రయాణం. విజయవాడ గుణదల కొండ మీద 1924లో ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు మరియమాత స్వరూపం పెట్టారట. ఏటా 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ల. తలనీలాలు, కొబ్బరికాయలు, కొండ మెట్లు... ‘వెళ్లేవారు ఉపదేశికి పేర్లు ఇవ్వగలరు’ అని రాస్తే మా ఇంటి అరుగు రెండు రోజులు ఖాళీ ఉండేది కాదు. తర్వాత విభూతి బుధవారం. ‘నిరుటి మట్టలు గుడికి తెచ్చి ఇవ్వవలెను.’ మట్టల ఆదివారం నాడు ఇంటికి తెచ్చుకుని గోడకు చెక్కుకున్న ఆ ఎండు మట్టల్ని కాల్చిన బూడిదే మా నుదుళ్లకు. తపస్సుకాలంలో శుక్రవారం శుక్రవారం సిలువ మార్గం. పాస్కా. మే నెల మరియమాతది. అక్టోబరులో రోజుకో ఇంట్లో జపమాల. జపమాల కన్నా ఆ ఇంట్లో పెట్టే శనగల మీదే మా ధ్యాస. నవంబరు రెండున సమాధుల తోటలో పూజ, డిసెంబరులో పశువుల పాక.

అన్నిటికన్నా పెద్దది సెప్టెంబరు 8, మరియమాత పుట్టినరోజు. మా గుడి పండగ అదే. మిరప నారు నాటే రోజులు. పగలంతా చేలల్లో నడుములు విరగ్గొట్టుకుని, సాయంత్రం స్నానాలు చేసి నవదిన ప్రార్థనలకు వచ్చేవాళ్లు. ఏడో తేదీ రాత్రి తేరు. తెల్లచీర, నీలిరంగు పైట, బంతిపూల దండలు, రంగు బల్బులతో మరియమాత ఊరేగింపు. ముందు బ్యాండుమేళం, వెనక కొవ్వొత్తులతో జనం.

దానికి నేను ఏటా రాసే వాక్యం ఇది. ‘తేరు ప్రదక్షిణ గుడి నుంచి బయలుదేరి పెద్దబజారు, రెండో బజారు, రచ్చబండ, రావిచెట్టు మలుపు మీదుగా తిరిగి గుడికి చేరును.’

రావిచెట్టు మలుపు దాటితే మా పేట.

ఊళ్లో అందరం కతోలికులమే. ఒకే గుడి, ఒకే పూజ, ఒకే సత్ప్రసాదం. కానీ పెద్దబజారు వాళ్లు ముందు, మా పేటవాళ్లం వెనక. ఎవరూ చెప్పరు, ఎవరూ రాయరు, ఎవరి చోటు వాళ్లకు తెలుసు. సమాధుల తోటలో కూడా అంతే. తేరు మలుపు దాకా వచ్చి, ఒక్క నిమిషం ఆగి, గుడి వైపు తిరిగిపోయేది. మా నాయనమ్మ, అమ్మ, పేటలోని ఆడవాళ్లంతా ఆ మలుపు దగ్గరే కొవ్వొత్తులు, దండలు పట్టుకుని నిలబడేవాళ్లు. దండ అందించి, మోకరించి, చెంపలేసుకునేవాళ్లు.

‘మన బజారుకు ఎందుకు రాదు నాన్నా?’ అని ఒకసారి రాస్తూ రాస్తూ అడిగాను. ఆరో తరగతిలో ఉన్నాననుకుంటా.

‘కరెంటు తీగలు కిందికున్నాయి కదమ్మా. తేరు ఎత్తు. తగులుతాయి’ అన్నారు నాన్న.

నమ్మాను. తీగలు నిజంగానే కిందికి ఉండేవి. ఆ తర్వాత కొన్నేళ్లకు కొత్త స్తంభాలు వేశారు. తీగలు పైకి వెళ్లాయి. అప్పుడు దారి బురద అన్నారు. సిమెంటు రోడ్డు పడింది. అప్పుడు ‘ముందునుంచీ వస్తున్న ఆనవాయితీ’ అన్నారు. అప్పటికి నాకు తెలివి వచ్చింది. నాన్నను మళ్లీ అడగలేదు. తీగలమ్మా అన్నప్పుడు ఆయన నా మొహంలోకి చూడకుండా ఎందుకు చెప్పారో అర్థమయ్యాక, ఇంక అడగడానికి ఏముంది?

చదువు, ఉద్యోగం, పెళ్లి. హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఇక్కడి మా విచారణలో ప్రకటనలు ఫోన్‌లో వస్తాయి. అన్నీ చదువుతాను, దేనికీ పరుగెత్తను. కానీ ఏటా సెప్టెంబరు 7 నాటికి ఊరు చేరాల్సిందే.

2018లో ఆగస్టు నెలాఖరుకు ముందు నాన్న ఫోన్ చేశారు. అప్పటికే ఆయన ఉపదేశి పని మానేశారు. చెయ్యి వణుకుతోంది. ‘కొత్త ఫాదర్ గారు ఈ ఏడాది పండగ కాగితం నన్ను రాయమన్నారమ్మా. ఈ శనివారం రాగలవా?’ అన్నారు. ఒక కాగితం కోసం హైదరాబాద్ నుంచి రావడమేంటని అడగబోయి, ఆయన గొంతు విని ఊరుకున్నాను.

శనివారం రాత్రి అదే అరుగు మీద కూర్చున్నాం. నాన్న చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ‘...రచ్చబండ, రావిచెట్టు మలుపు...’ ఆగారు. మంచినీళ్లు తాగారు. ‘రావిచెట్టు మలుపు, పేట బజార్ల మీదుగా...’

నా కలం ఆగిపోయింది. ‘రాయమ్మా. ఫాదర్ గారు రాయమన్నారు’ అన్నారు నాన్న.

మర్నాడు ఫాదర్ గారు ఆ వాక్యం చదివారు. గుళ్లో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆయన కాగితం మడిచి, పెళ్లి ప్రకటనలు చదివే గొంతుతోనే ‘దీనికి ఆటంకం ఏదైనా ఉన్నట్లు తెలిసినవారు నాకు వచ్చి తెలియజేయాలి’ అన్నారు. ఎవరో చిన్నగా నవ్వారు. ముందు వరసల్లో నవ్వలేదు.

ఆటంకాలు వచ్చాయి. చందాలు ఆగిపోయాయి. బ్యాండుమేళానికి ఇచ్చే బజానా వెనక్కి తీసుకున్నారు. ఏటా తేరు మోసే కుటుంబాల వాళ్లు భుజం నొప్పులన్నారు. ఫాదర్ గారు అందరి ఇళ్లకూ నడిచి వెళ్లారు. గుళ్లలో కూడా అంటరానితనం ఉందని, అది పాపమని మన బిషప్పుల సమాఖ్యే 2016లో దళితుల కోసం చేసిన విధానంలో ఒప్పుకున్న సంగతి చెప్పారట. ‘అది పైవాళ్లు రాసుకున్నది స్వామీ, ఊరు మాది’ అన్నాడట ఒక పెద్దాయన.

ఏడో తేదీ రాత్రి తేరు కింద సగం భుజాలు మా పేట కుర్రాళ్లవి. మిగతా సగం ఎవరు పడతారా అని అందరం చూస్తున్నాం. పెద్దబజారు నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. నాతో బడిలో చదివిన పెద్దబజారు అమ్మాయి వాళ్లమ్మ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. బ్యాండు లేదు. ఆడవాళ్లు జపమాల చెబుతుంటే తేరు నడిచింది. తలుపులు వేసిన ఇళ్ల ముందు నుంచి కూడా, అక్కడా ఆగి, దీవించి, నడిచింది.

రావిచెట్టు మలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మ అక్కడ నిలబడి ఉంది. చేతిలో బంతిపూల దండ, కొవ్వొత్తి. ‘ఇక్కడెందుకున్నావమ్మా? మన ఇంటి ముందుకే వస్తోంది కదా’ అన్నాను. అమ్మ అయోమయంగా నా వంక చూసింది. ‘అవును గదా! కాళ్లు ఇటే వచ్చినయి’ అంది.

నలభై ఏళ్లుగా వచ్చిన కాళ్లు మరి. నాయనమ్మ నిలబడ్డ చోటే అమ్మ నిలబడింది.

తేరు మలుపు దగ్గర ఆగలేదు. గుడి వైపు తిరగలేదు. నేరుగా పేటలోకి వచ్చింది. అమ్మ దండ పట్టుకుని తేరు పక్కనే దాదాపు పరుగెత్తింది, తేరు కన్నా ముందు ఇంటికి చేరాలని. చేరలేకపోయింది. తేరు మా గడప ముందుకు వచ్చేసరికి ఇంటి తలుపు గొళ్లెం వేసి ఉంది, దీపం లేదు, ముగ్గు లేదు. అరుగు మీద నాన్న ఒక్కరే, చీకట్లో, చేతులు జోడించి నిలబడి ఉన్నారు. ఏడుస్తున్నారని కొవ్వొత్తి వెలుగు పడ్డాక తెలిసింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి ఏడాదీ వచ్చింది. 2020లో కరోనా, తేరు లేదు. 2021లో గుడి ఆవరణలోనే తిప్పారు. ఆ ఫాదర్ గారికి బదిలీ అయింది. నాన్న వెళ్లిపోయారు. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు. ఆ హోదా అందుకున్న మొదటి తెలుగువారు, మొదటి దళితుడు ఆయనే. ఆ ప్రకటన చదివినప్పుడు మా గుళ్లో ముందు వరసలు, వెనక వరసలు కలిసి చప్పట్లు కొట్టాయని అమ్మ ఫోన్‌లో మురిసిపోయింది. ఆ వారమే జరిగిన పండగ మీటింగులో, ఈసారి తేరును ట్రాక్టరు మీద పెడదామన్నారు. ట్రాక్టరు రావిచెట్టు మలుపు తిరగదన్నారు. మిరప కోతలకు మనుషుల్ని ఎక్కించుకోవడానికి పొద్దున్నే మా పేటలోకి ట్రాక్టర్లు ఎలా వస్తున్నాయో ఎవరూ అడగలేదు. ఆ ఏడాది తేరు రాలేదు. ఆ తర్వాత ఒక ఏడాది వచ్చింది, ఒక ఏడాది రాలేదు.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసి ప్రకటనలన్నీ వరసగా అప్పజెప్పింది. చదువు రాకపోయినా ఒక్కటి మరిచిపోదు. ‘వచ్చే ఆదివారం పూజ తర్వాత పండగ మీటింగు. ఇంటికొకరు తప్పకుండా రావాలన్నారు. మీ నాన్న లేడు గదా, నేను పోతా. ఏమనాలో నువ్వు రాసియ్యి, ఎవురితోనన్నా చదివించుకుని బట్టీపడతా’ అంది.

‘రాసివ్వడమెందుకమ్మా, నేనే వస్తాను’ అన్నాను.

శనివారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నాను. ఇంటికొకరు అన్నారు. మా ఇంటి నుంచి ఇద్దరం వెళ్తాం.