కోఠి గల్లీలో తాతయ్య రేడియో

హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కేటప్పుడు నా బ్యాగులో ల్యాప్‌టాప్ లేదు. పాత తువ్వాలులో చుట్టిన రేడియో ఉంది. సెక్యూరిటీ దగ్గర ఎక్స్‌రే మెషీన్ ఆపేసి బ్యాగ్ తెరిపించారు. తువ్వాలు విప్పి చూపిస్తే అక్కడున్నామె నవ్వేసి, "ఇంకా పనిచేస్తుందా?" అనడిగింది.

పనిచేయట్లేదు. అందుకే కోఠికి మోసుకెళ్తున్నా.

అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారాక సీటు దొరికింది. ఎదురుగా ఉన్న వాళ్లందరి చేతుల్లోనూ ఫోన్లే. ఒకరు పాట వింటున్నారు, ఒకరు మ్యాప్ చూస్తున్నారు, ఒకమ్మాయి ముందు కెమెరాలో జుట్టు సరిచేసుకుంటోంది. మా నాన్న పెళ్లికి అలారం గడియారం, టార్చ్‌లైటు, టేప్ రికార్డరు, కెమెరా విడివిడిగా వచ్చాయట. ఇప్పుడవన్నీ ఒక్క గాజుపలకలో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఇది నాకెప్పుడూ గర్వంగానే ఉండేది. "ఫోన్‌లోనే ఉంది కదా!" అనే మాట మా ఇంట్లో నా ఊతపదం.

ఆ మాటే కిందటేడాది తాతయ్యతోనూ అన్నాను. తాతయ్య ఉండేది తెనాలి దగ్గర పల్లెలో. పొద్దున్నే వార్తలు, పొలం కార్యక్రమం, మధ్యాహ్నం పాత పాటలు, ఇదీ ఆయన రోజు. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైంది, ఆయనకన్నా కొద్దిగా చిన్నది. రేడియో గరగరలాడి మూగబోయాక నేనో స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, ఆకాశవాణి యాప్ వేసి, ఐకాన్ హోమ్ స్క్రీన్ మీద పెద్దగా పెట్టి, చాలా గొప్ప పని చేసినట్టు హైదరాబాద్ వచ్చేశా.

రేడియోకి చేయాల్సింది ఒకటే, గుండీ తిప్పడం. ఫోన్‌కి లాక్ తీయాలి, ఐకాన్ వెతకాలి, అప్‌డేట్ అడిగితే కాదనాలి, స్టేషన్ ఎంచుకోవాలి, డేటా లేకపోతే నాకు ఫోన్ చేయాలి. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో, వణికే వేలితో. అయినా పాపం రెండు నెలలు నెట్టుకొచ్చాడు.

ఓ పొద్దున వార్తల కోసం తడుముతుంటే పైనుంచి వాట్సాప్ మెసేజ్ జారింది. ట్రాఫిక్ చలానా అంటూ ఒక ఏపీకే ఫైల్. వార్తలనుకుని నొక్కాడు. ఇన్‌స్టాల్ చేయమంటారా అని ఫోన్ అడుగుతున్న టైమ్‌లోనే అమ్మ కాఫీ గ్లాసుతో అటు వచ్చింది. చూసి లాక్కుంది. ధాన్యం డబ్బులు పడే ఖాతా ఆ సిమ్ నంబరుదే. ఏడాది కష్టం ఒక్క వేలి దూరంలో ఆగింది. ఆ రోజే తాతయ్య ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టేశాడు. ఇల్లు మళ్లీ మూగబోయింది.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు కొత్త రేడియో కొంటానన్నా. "వద్దురా, ఇదే బాగుచేయించు" అన్నాడు. ఎందుకో అడగక్కర్లేదు. డయల్ అద్దం మీద ఎర్రటి చుక్కుంది. తాతయ్యకి అంకెలు కనిపించట్లేదని, విజయవాడ వచ్చే చోట అమ్మమ్మ తన తిలకం సీసాతో పెట్టిన గుర్తు. అమ్మమ్మ పోయి నాలుగేళ్లయింది.

ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి మెట్లు దిగగానే కోఠి మీద పడుతుంది. పుస్తకాల బండ్లు, చెప్పులు, చీరలు, ఆటో హారన్లు. బ్యాంక్ స్ట్రీట్ వైపు నడిచి గుజరాతీ గల్లీలోకి తిరిగితే సరుకు మారిపోతుంది. స్పీకర్లు, యాంప్లిఫయర్లు, ఎల్ఈడీ పట్టీలు, వైర్ల చుట్టలు. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుకి ఆర్డ్వినో బోర్డు, జీఎస్ఎం మాడ్యూల్ ఇక్కడే కొన్నా. ఆ ప్రాజెక్టు డెమో రోజు పనిచేయలేదు, అది వేరే కథ.

అప్పుడు పట్టించుకోలేదు గానీ ఈసారి ఒక దుకాణం ముందు ఆగిపోయా. గోడ మొత్తం రిమోట్లే. టీవీవి, ఏసీవి, సెట్‌టాప్ బాక్సువి. నా ఫోన్‌లో ఐఆర్ ఉంది, రిమోట్ యాప్ ఉంది. మరి ఇన్ని రిమోట్లు ఎవరు కొంటున్నారు? ఆలోచిస్తే కొనేవాళ్లలో నేనూ ఉన్నా. రూమ్‌లో ఏసీ రిమోట్ పోతే నెల రోజులు నా ఫోన్‌తోనే నడిపాం. నైట్ షిఫ్ట్‌కి నాతోపాటు ఫోనూ ఆఫీసుకి వచ్చేది. రూమ్మేట్ చెమటలు కక్కుతూ నాకు కాల్ చేసేవాడు. ఫోన్‌లో ఏసీ రిమోట్ ఉంది నిజమే, కానీ రూమ్‌లో ఫోన్ లేదుగా!

నాలుగైదు చోట్ల "రేడియోలా? చెయ్యం" అన్నాక ఒక మెట్ల కింద చిన్న కొట్టు చూపించారు. స్టూలు మీద యాభై దాటిన మనిషి, ముందు సోల్డరింగ్ గన్. తువ్వాలు విప్పుతుంటేనే, "తాతదా, నాయినదా తమ్మీ?" అన్నాడు.

"తాతయ్యది అన్నా. ఎలా తెలిసింది?"

"రేడియో తెచ్చేది మనవళ్లే. సొంతానికి తెచ్చుకునేటోళ్లు ఇంత జెల్ది నడుచుకుంట రారు."

వెనక మూత తీశాడు. సెల్స్ కారి స్ప్రింగులకి పచ్చటి చిలుం పట్టింది. వాల్యూమ్ కంట్రోల్ అరిగిపోయింది. సూదిని లాగే దారం తెగింది. "గంట పడ్తది, చాయ్ తాగి రా" అన్నాడు. నేను కదలకుండా నా తెలివి చూపించా. చాలా ఫోన్ల చిప్పులోనే ఎఫ్ఎం ఉంటుందనీ, కంపెనీలు దాన్ని ఆన్ చేయకుండా వదిలేస్తాయనీ, ఆన్ చేసి ఇవ్వమని 2023లో కేంద్ర ప్రభుత్వమే సూచించిందనీ చెప్పా.

ఆయన తల ఎత్తకుండా, "మంచిదే. ఏరియల్ ఏది మరి?" అన్నాడు.

ఫోన్ ఎఫ్ఎంకి ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్. నా ఫోన్‌కి ఆ తీగ పెట్టుకునే రంధ్రమే లేదు. చాయ్‌కి వెళ్లిపోయా.

గల్లీ చివర చాయ్ బండి. డబ్బులు స్కాన్ చేశానో లేదో బండి మీది సౌండ్‌బాక్స్ ఎంత ముట్టిందో తెలుగులో గట్టిగా అరిచింది. చాయ్ పోస్తున్న కుర్రాడు తలైనా తిప్పలేదు. అప్పుడు వెలిగింది నాకు. స్మార్ట్‌ఫోన్ అన్నిటినీ మింగేసిన తర్వాత పుట్టిన పరికరం ఇది! చేసేది ఒక్కటే పని, ఆ పని ఫోన్ కూడా చేయగలదు. కానీ ఓనర్ ఫోన్ ఓనర్ జేబులో ఉంటుంది, ఓనర్ ఇంట్లో ఉంటాడు. బండి దగ్గర ఉండేది కుర్రాడు.

ఒక్క పని చేసే పరికరాలు బతుకుతాయా అని మా ఆఫీసులో లంచ్ టైమ్‌లో తెగ వాదించుకుంటాం. ఏది బాగా పనిచేస్తుంది, ఏది చవక అనే లెక్కలోనే వాదన తిరిగేది. నాకిప్పుడు వేరే లెక్క కనిపిస్తోంది. ఫోన్ చంపినవన్నీ మన జేబులో దానికి పోటీ వచ్చినవే. ఐపాడ్ 2001లో వచ్చి 2022లో ఆగిపోయింది. ఫ్లిప్ అని జేబు వీడియో కెమెరా ఒకటుండేది. దాన్ని తయారుచేసే కంపెనీని సిస్కో 2009లో 59 కోట్ల డాలర్లు పెట్టి కొని, 2011లో ఆ కెమెరానే మూసేసింది. జేబు ఒక్కటే కదా, రెండు వస్తువుల్లో ఒకటి పోవాల్సిందే. ఒక చోట ఉండిపోయేవి, పది చేతులు మారేవి వేరు. కారవాన్ మ్యూజిక్ ప్లేయర్ చూడండి. ఐదు వేల పాటలు నింపి సారెగామ దాన్ని తెచ్చింది 2017లో, అందరి ఫోన్లలోనూ పాటలున్న కాలంలో! అది హాల్లో ఉంటుంది. ఫోన్‌లా మనతో బయటికి వెళ్లిపోదు.

దీంట్లో నా తప్పు కూడా ఒకటుంది, చెప్పేస్తా. నేను పనిచేసేది గోడౌన్ల యాప్ మీద. బార్‌కోడ్ స్కానర్ గన్నులు తీసేసి ఫోన్ కెమెరాతోనే స్కాన్ చేయిద్దామన్న టీమ్‌లో నేనూ ఉన్నా. ఆఫీసు ఏసీలో డెమో అదిరిపోయింది, నాకు రేటింగ్ కూడా బాగా వచ్చింది. గోడౌన్‌లో మాత్రం మసక వెలుతురు, ప్లాస్టిక్ మీద మెరుపు, చేతికి గ్లోవ్స్. కెమెరా ఫోకస్ వెతుక్కునేలోపు గన్ మూడు పెట్టెలు కొట్టేస్తుంది. అవన్నీ సరిచేయొచ్చులే అనుకున్నాం. అసలు చిక్కు షిఫ్ట్ మారేటప్పుడు వచ్చింది. గన్ అయితే పక్కవాడి చేతికిచ్చి ఇంటికెళ్లేవాళ్లు. ఫోన్‌లో లాగిన్, లాగౌట్, ఓటీపీ. ఓటీపీ వెళ్లేది ఇంటికెళ్లిపోయినవాడి నంబరుకి! చీకట్లో లోడ్ లారీలు ఆగిపోయి, ఒక సూపర్‌వైజర్ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రెండు వారాల్లో గన్నులు వెనక్కొచ్చాయి.

కాలిక్యులేటర్ సంగతి ఇంకా తమాషా. పరీక్ష హాల్లోకి కాసియో వెళ్లేది అది గొప్పదని కాదు, ఇంకేమీ చేయలేదని. కానీ గేట్ పరీక్ష కంప్యూటర్ మీదికి మారాక కాలిక్యులేటర్ కూడా తెర మీదికే ఎక్కింది, చేతిది బయటే వదిలేయాలి. అంటే నా లెక్క కూడా శాశ్వతం కాదు. చోటు పోతే వస్తువూ పోతుంది. ఇంటర్ చదివే మా పిన్ని కూతురు పాత డిజిటల్ కెమెరా కావాలని ఏడాదిగా గొడవ. ఫ్యాషన్ అనుకుని నవ్వా. "అన్నయ్యా, నీ ఫోన్ నా ఫ్రెండ్స్ చేతికిచ్చి వదిలేస్తావా?" అంది. ఇవ్వను. గ్యాలరీలో వేలు ఇంకో పక్కకి జరిపితే నా పరువు ఏమవుతుందో నాకే తెలుసు.

కొట్టుకి తిరిగొచ్చేసరికి కొత్త దారం ఎక్కించి ఉంది. అద్దం తుడవడానికి స్పిరిట్ గుడ్డ తీశాడు. "అన్నా, ఆ ఎర్ర చుక్క తుడవద్దు!" అని అరిచినంత పనిచేశా. పక్క కొట్టువాళ్లు కూడా చూశారు. ఆయన గుడ్డ పక్కన పెట్టి, చుక్కని దగ్గరగా చూసి, ఏమీ అడగలేదు.

దారం మారితే సూది జరుగుతుంది. మరి చుక్క సరైన చోట ఉంటుందా? హైదరాబాద్ రెయిన్‌బో 101.9 మీద వస్తుంది. అది పట్టుకుని, డయల్ మీది అంకెకి సూదిని కలిపి జిగురు చుక్క వేశాడు. విజయవాడ రెయిన్‌బో 102.2. సూది ఇప్పుడు తిలకం చుక్కకి వెంట్రుక వాసి ఎడమగా ఉంది. గల్లీలో పాట మోగుతోంది. "రెండొందల ఇరవై" అన్నాడు. స్కాన్ చేశా. ఆయన కొట్టులో సౌండ్‌బాక్స్ లేదు, ఫోన్ చూపించమన్నాడు.

ఆ రాత్రే ఎంజీబీఎస్‌లో బస్సెక్కా. పొద్దున్న ఇంటికి చేరేసరికి తాతయ్య అరుగు మీద ఉన్నాడు. రేడియో కిటికీలో పెట్టి వెనక్కి జరిగా. ఆయన అద్దం మీద వేలితో తడిమాడు. పొడుచుకొచ్చిన ఆ చుక్క తగిలిందాకా తడిమి, అక్కడ వేలు ఆపి, రెండో చేత్తో గుండీ మెల్లగా తిప్పాడు. గరగర, ఒక గొంతు తునక, మళ్లీ గరగర. సూది వేలి కిందకి వచ్చింది.

వంటింట్లోంచి అమ్మ, "సౌండ్ కొంచెం పెంచు నాన్నా" అంది.