మంగళవారం రాత్రా, బుధవారం తెల్లవారుజామా?

ఢిల్లీ నుంచి పరాయి దేశాలకు పనిమీద వెళ్లేవారి ప్రయాణం అర్ధరాత్రే మొదలవుతుంది. ఆ వేళలో తేదీలు తారుమారవుతాయి, పొగమంచు తీర్పు చెబుతుంది, ఒకే క్యూలో రెండు రకాల భారతదేశాలు కలుస్తాయి.

జనవరి రాత్రి. గడియారం పన్నెండు దాటింది. నోయిడాలోని ఓ అపార్ట్‌మెంటు గేటు దగ్గర కాపలాదారు చలిమంట ముందు నుంచి లేచి, మఫ్లరు సర్దుకుని, టాక్సీ నంబరు పుస్తకంలో రాసుకుంటాడు. కారులో లాప్‌టాప్ సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తెలుగు ఇంజినీరు చేతిలో ఫోను మోగుతుంది. అవతల అమ్మ. ఆమె అడిగేది ఒకటే: "నాన్నా, ఇంతకీ నువ్వు బయల్దేరుతున్నది మంగళవారమా, బుధవారమా?"

ప్రశ్న చిన్నదే కానీ జవాబు తేలిక కాదు. టికెట్టు మీద ఉన్నది బుధవారం, ఉదయం 4 గంటలు. విమానం లెక్కలో అర్ధరాత్రితో రోజు మారుతుంది. పంచాంగం లెక్కలో మాత్రం సూర్యోదయం అయితేగాని వారం మారదు. గడప దాటిన వేళ ఇంకా మంగళవారమే. ప్రయాణానికి మంగళవారం పనికిరాదని పట్టింపు ఉన్న ఇళ్లలో దీనికి పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు. సోమవారమే ఓ సంచీ పక్కింట్లో పెట్టించి 'ప్రస్థానం' అయిందనిపిస్తారు.

పట్టింపు లేనివారికీ ఈ తికమక తప్పదు. 15వ తేదీ తెల్లవారుజాము విమానానికి 14వ తేదీ రాత్రే ఇల్లు కదలాలి. ఆ సంగతి మరిచి, 15 రాత్రి తాపీగా పెట్టె సర్దుకుని విమానాశ్రయానికి వచ్చేవారు ఉంటారు. వాళ్ల విమానం అప్పటికి దాదాపు ఒక రోజు క్రితమే వెళ్లిపోయి ఉంటుంది.

అసలు ఈ వేళే ఎందుకు? జవాబు ఢిల్లీలో లేదు, విమానం దిగే ఊళ్లో ఉంది. ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. చలికాలంలో జర్మనీ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. రాత్రి 3 గంటలకు ఇక్కడ లేచిన విమానం అక్కడ ఉదయం 7 గంటలకు దిగుతుంది. అప్పుడే యూరప్ నగరాలకూ, అమెరికాకూ పొద్దుటి విమానాలు వరసగా సిద్ధంగా ఉంటాయి. పైగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా విమానాల రాకపోకలపై 2011 నుంచి నిషేధం ఉంది. చుట్టుపక్కల ఇళ్లవారి నిద్ర చెడకూడదన్నది దాని ఉద్దేశం. అక్కడివారి నిద్రకు ఇక్కడివారి జాగారం తోడవుతుందన్నమాట. గల్ఫ్ దారీ అంతే. 4 గంటలకు బయల్దేరితే దుబాయ్‌లో ఆరు, ఆరున్నరకల్లా దిగవచ్చు.

వేసవిలో ఇంకో కారణం కలుస్తుంది. మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటితే గాలి పలచబడుతుంది. రెక్కలకు పట్టు, ఇంజన్లకు బలం తగ్గుతాయి. నిండు ఇంధనంతో దూరదేశం వెళ్లాల్సిన బరువైన విమానానికి రాత్రి చల్లగాలే నయం.

దారి పొడవునా లారీలు. పగటిపూట నగరంలోకి రానివ్వని బళ్లన్నీ ఆ వేళకే రోడ్డెక్కుతాయి. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి 2011లో మొదలైన ఎయిర్‌పోర్టు మెట్రో పగలైతే ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. కానీ నాలుగింటి విమానం వారికి పొద్దుటి మొదటి రైలు ఉన్నా లేనట్టే. అందుకే దూరం నుంచి వచ్చేవారు ముందు రాత్రే మహిపాల్‌పూర్ చేరతారు. ఒకప్పటి ఈ పల్లెలో ఇప్పుడు వీధి వీధికీ లాడ్జిలే. చాలా గదుల్లో మనుషులు దిగేది నాలుగైదు గంటల కోసం. అలారం మోగేసరికి ఖాళీ చేస్తారు.

విమానాశ్రయం కూడా పల్లె పేరుతోనే పుట్టింది. 1962లో పౌర విమానాలు సఫ్దర్‌జంగ్ నుంచి పాలంకు మారాయి. 1986లో రెండో టెర్మినల్‌తో పాటు ఇందిరాగాంధీ పేరు వచ్చింది. 2006లో నిర్వహణ జీఎంఆర్ నాయకత్వంలోని సంస్థ చేతికి వెళ్లింది. ఉత్తరాంధ్రలోని రాజాంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు స్థాపించిన సంస్థ అది. 37 నెలల్లో కట్టిన మూడో టెర్మినల్‌ను కామన్వెల్త్ క్రీడలకు ముందు, 2010 జూలైలో, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఏడాదికి 3 కోట్ల 40 లక్షల మంది ప్రయాణికుల కోసం కట్టిన భవనమిది. అదే గ్రూపు 2008లో శంషాబాద్ విమానాశ్రయాన్ని ప్రారంభించాక తెలుగువారిలో చాలామందికి విదేశీ విమానం కోసం ఢిల్లీ రావాల్సిన పని తగ్గింది. ఇప్పుడు అర్ధరాత్రి ఇక్కడ కనిపించే తెలుగువారిలో నోయిడా, గురుగ్రామ్ కంపెనీల ఉద్యోగులే ఎక్కువ.

వీడ్కోళ్లు గుమ్మం బయటే. టికెట్టు, పాస్‌పోర్టు చూడనిదే సీఐఎస్ఎఫ్ జవాను ఎవరినీ లోపలికి వదలడు. కంపెనీ ఖర్చు మీద వెళ్లే ఇంజినీరును సాగనంపడానికి ఎవరూ రారు. టాక్సీకి డబ్బులిచ్చి, పెట్టె లాక్కుంటూ వెళ్లిపోతాడు. పక్కనే జీపులో వచ్చిన కుటుంబం మాత్రం పదిమంది. బీహార్‌లోని సివాన్ నుంచో, గోపాల్‌గంజ్ నుంచో వచ్చిన కుర్రవాడు. తాడుతో బిగించిన అట్టపెట్టె, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు. తల్లి వాడి నుదుటిమీద చెయ్యి వేసి తీయదు. కరీంనగర్, జగిత్యాల ఇళ్లలో ఈ దృశ్యం తెలియనివారుండరు. భాషే వేరు.

లోపల ఇద్దరిదీ ఒకే క్యూ. ఇద్దరూ వెళ్లేది పనికే. తేడా పాస్‌పోర్టులో తెలుస్తుంది. పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టు 'ఈసీఆర్' కిందికి వస్తుంది. 1983 నాటి వలసల చట్టం మేరకు, గల్ఫ్ సహా ప్రభుత్వం జాబితాలో పెట్టిన దేశాలకు కూలికి వెళ్లాలంటే వీరు ముందుగా అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా కాపాడటానికే ఈ నిబంధన. కానీ కౌంటరు ముందు నిలబడినవాడికి అది రక్షణలా కాక పరీక్షలా అనిపిస్తుంది. 2018 జనవరిలో ఇలాంటివారికి నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. చదువు లేనివారిని రంగుతో వేరు చేస్తారా అన్న విమర్శలు రావడంతో ఆ నెలాఖరుకే విరమించుకుంది.

ఇద్దరినీ సమానం చేసేది పొగమంచే. డిసెంబరు, జనవరుల్లో తెల్లవారుజామున అది రన్‌వే మీద కూర్చుంటే మాట చెల్లేది దానిదే. ఇక్కడ ఓ విచిత్రం ఉంది. ఢిల్లీలోని 'క్యాట్-3బి' పరికరాల సాయంతో, శిక్షణ పొందిన పైలట్లు 50 మీటర్ల వరకే దారి కనిపిస్తున్నా విమానాన్ని దించగలరు. పైకి లేవడానికి మాత్రం సాధారణంగా 125 మీటర్లు కనిపించాలి. వచ్చే విమానం దిగుతుంది, వెళ్లే విమానం ఆగిపోతుంది. ఆ రెండు గంటల ఆలస్యానికి ఇంజినీరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో తర్వాతి విమానం పోగొట్టుకుంటాడు. కంపెనీ మరో టికెట్టు కొంటుంది. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన కుర్రవాడి వెనక అలాంటి కంపెనీ ఉండదు. దిగిన చోట తనకోసం వచ్చిన మనిషి వెళ్లిపోతే ఎలాగన్నదే వాడి భయం. ఈ మంచు గుట్టు తేల్చేందుకు 2015-16 చలికాలం నుంచి పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ, వాతావరణ శాఖ కలిసి ఇదే విమానాశ్రయంలో పరిశోధన సాగించాయి.

ఈ దారికి పాత గాయమూ ఉంది. 1996 నవంబరు 12న ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం, దిగడానికి వస్తున్న కజకిస్థాన్ విమానం చర్ఖీ దాద్రీ పైన ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానంలోని వారిలో చాలామంది పనికి వెళ్తున్నవారే. ఆ తర్వాతే వచ్చే, పోయే విమానాలకు ఆకాశంలో వేర్వేరు దారులు గీశారు.

పొగమంచు విచ్చుకుంటుంది. గేటు తెరుస్తారు. ఇంజినీరు అమ్మకు చివరి సందేశం పంపుతాడు: "బుధవారమే అమ్మా, తెల్లారింది."

టెర్మినల్‌లో అందరూ ఫొటోలు తీసుకునే గోడ ఒకటుంది. రాగి రంగు చక్రాల ముందు నిలిచిన పెద్ద పెద్ద హస్తముద్రలు. కూచిపూడి చూసినవారు చప్పున గుర్తుపడతారు. అభయహస్తం కూడా వాటిలో ఉంది. కానీ అది ఉన్నది రాకల వైపు, ఇమిగ్రేషన్ కౌంటర్ల పైన. వెళ్లేవారికి కనిపించదు. ఇంజినీరు వారం తిరక్కుండా దాని కింద నిలబడతాడు. అట్టపెట్టె కుర్రవాడు దాన్ని చూడటానికి రెండేళ్లో, మూడేళ్లో పట్టవచ్చు.