సూది మానెయ్యమన్న స్వామి

షుగరుకు మందు మానేశామని చెప్పేవాళ్లు నాకు కొత్త కాదు. ఒకరికి కాకర రసం దొరుకుతుంది, ఇంకొకరికి యూట్యూబ్ వైద్యుడు దొరుకుతాడు. తిట్టో బతిమాలో వాళ్లను దారిలో పెట్టొచ్చు. మందు మానడమే భక్తి అనుకునేవాళ్ల దగ్గరే నా విద్యలేవీ పారవు.

రిటైరైన సుబేదారుగారి అమ్మాయికి చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగరు. మాత్రలతో, నడకతో నెట్టుకొచ్చే జబ్బు కాదిది. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, సూదితో ఇవ్వాల్సిందే. ఆపితే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది. వాంతులు, ఆయాసం, నోట్లోంచి పండ్ల వాసన. ఆమె ఓ స్వామి ఆశ్రమంలో చేరి, ఆయన మాట మీద సూది ఆపేసింది. అక్కడ ఈ లక్షణాలు చూసి 'లోపలి మలినం పోతోంది' అన్నారట. పోతున్నది ప్రాణం! స్పృహ తప్పేసరికి మాత్రం జీపులో తెచ్చి తల్లిదండ్రుల ఇంటి గుమ్మం ముందు దింపి వెళ్లిపోయారు.

1922లో టొరంటోలో ఓ పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బొచ్చిన పిల్లలు ఎంతో కాలం బతికేవాళ్లు కాదు. అప్పుడూ స్వాములున్నారు, ప్రార్థనలున్నాయి.

గుమ్మం దగ్గర్నుంచి ఆమెను నా దగ్గరికి తెచ్చారు. సెలైన్, ఇన్సులిన్, పొటాషియం. మర్నాటికి తేరుకుంది. తేరుకోగానే 'పరీక్షలో ఓడిపోయాను' అని ఏడ్చింది. బతికినందుకు ఏడ్చిన పేషెంటును ఏమని ఓదార్చాలి?

సుబేదారుగారు కార్గిల్‌లో పనిచేసిన మనిషి. 'అక్కడ ఎదురుగా ఎవరున్నారో తెలిసేది సార్. ఇక్కడ ఆశ్రమం గేటు దగ్గరకు నా కూతురే వచ్చి వెళ్లిపొమ్మంటుంది' అన్నారు. పోలీసులు 'అమ్మాయి మేజరు కదా' అన్నారు. మంత్రంతో, తాయెత్తుతో షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. ఆశ్రమంలో ప్రకటనలుండవు, ప్రవచనాలే. పెళ్లి కాలేదు, ఇప్పుడు సంపాదనా లేదు కాబట్టి తండ్రి ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీద ఇన్సులిన్ ఉచితం. అదే ఆమెకు బంధనమట!

తల్లి మాట ఇంకా కష్టం. 'పోయిందనుకుంటే దినం చేసి ఏడ్చేవాళ్లం డాక్టరుగారూ. అమ్మాయి ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు?'

ముందు ఫోను తీసుకున్నారు, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత స్నేహితులు. సూది చివరిది. షుగరు తగ్గించే ఉద్దేశం అక్కడెవరికైనా ఉందని నేననుకోను. ప్రాణాధారాన్నే వదిలించగలిగితే ఇక ఆ మనిషి ఎదురు చెప్పదు, అంతే.

ఆమె మళ్లీ అక్కడికే వెళ్లింది. స్వామిని తిట్టొద్దని తల్లిదండ్రులకు చెప్పాను. తిట్టినకొద్దీ 'బయటివాళ్లు ఇలాగే అంటారు' అన్న మాట నిజమవుతుంది. మీ బదులు నేను తిడతాను, నాకేం ఇబ్బంది లేదు. మీరు మాత్రం తిన్నావా, పడుకున్నావా అనే అడగండి, సూది మాట ఒక్కసారి ఎత్తండి అన్నాను.

నెలకోసారి మాట్లాడనిస్తున్నారట, పక్కన ఎవరో కూర్చుని. 'సూది వేసుకుంటున్నావా తల్లీ' అంటే 'వేళకి అన్నం తింటున్నాను నాన్నా' అంటుందట. సుబేదారుగారు ఆ జవాబు పట్టుకుని నా దగ్గరికొస్తారు. 'అంటే వేసుకుంటున్నట్టే కదా సార్?'