పలితోపాఖ్యానము

నడివయస్సు దాటిన మనుష్యుని తలమీద అతనికి తప్ప తక్కినవారి కందరికిని హక్కున్నదని మనదేశమున అలిఖితశాసన మొకటి కలదు. ఒకడు అప్పులపాలైనాడని తెలిసినను అడుగుటకు సంకోచించువారు, కడుపునొప్పితో బాధపడుచున్నాడన్నను వినియు విననట్లు పోవువారు, వాని చెంపలకడ నాలుగు వెంట్రుకలు తెల్లబడినంతనే పరమాప్తులై, పెండ్లిపందిరిలో పదిమంది నడుమ, వడ్డించిన విస్తరి ముందర, "ఏం బాబాయ్, గోరింటాకు పెట్టుకోరాదూ?" అని ప్రారంభింతురు. ప్రక్కనున్నవారు గుంటగలగర యందురు. ఎదుటి పంక్తిలోనివారు కరివేపాకును కొబ్బరినూనెలో కాచుమందురు. వడ్డించుటకు వచ్చిన అమ్మ సయితము గరిటె నిలిపి మందారాకు మహిమ వర్ణించును. ఈలోగా పప్పు చల్లారును. సుశ్రుతుడు నిదానస్థానమున, కోపము, శోకము, శ్రమ వీనివలన పుట్టిన దేహోష్మయు పిత్తమును శిరస్సున కెక్కి వెంట్రుకలను పక్వము చేయుటయే పలితమునకు కారణమని సెలవిచ్చినాడు. అట్లైనచో నా తల నెరయుటకు సగము బాధ్యత ఈ ఔషధోపదేశకులదే.

అయినను ఈ ఆరాటము నేటిది కాదని ఒప్పుకొనవలెను. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు, గ్రహగతులను, వర్షలక్షణములను, భూకంపములను విచారించిన బృహత్సంహితలోనే, గంధయుక్తి యను అధ్యాయమున, తల నెరసినవానికి పూలదండలును పరిమళములును వస్త్రభూషణములును శోభింపవు గనుక కేశరంజనమునకు యత్నింపవలెనని చెప్పి, విధానమును గూడ ఉపదేశించెను. ఇనుపపాత్రలో పులిసిన ద్రవముతో అరికెలను ఉడికించి, ఇనుపపొడి చేర్చి మెత్తగా నూరి, తలకు పట్టించి, పచ్చియాకులు కప్పుకొని రెండు జాములు కూర్చుండవలెను. దానిని తీసివేసి, ఉసిరికముద్ద పెట్టి, మరల ఆకులు చుట్టి, మరి రెండు జాములు కూర్చుండవలెను. అనగా పండ్రెండు గంటల తపస్సు. పిమ్మట ఇనుపకంపు పోవుటకు సుగంధద్రవ్యములతో తలంటుకొనుట వేరు. పూర్వులు నలుపును ఊరక పొందలేదు.

ఇందలి రహస్యమంతయు ఇనుములో నున్నది. ఉసిరిలోని వగరు ఇనుముతో కలసినంతనే నల్లనగును. కరక్కాయ కషాయములో అన్నభేది వేసి సిరా చేయుటయు ఈ సూత్రముమీదనే. మన పెద్దలు కాగితమునకును కపాలమునకును ఒకే వర్ణశాస్త్రమును వినియోగించిరనుట తలచుకొన్నప్పుడెల్ల నాకు ముచ్చట వేయును. గోరింటాకు పొడిని తేయాకు డికాషనులో, కొంచెము నిమ్మరసము పిండి, రాత్రి ఇనుప మూకుడులో నానవేయుమని ఇల్లాండ్రు చెప్పుటలోనిది ఈ విద్యయే.

మా మేనత్తగారి కట్టి మూకుడొకటి యుండెడిది. అది ఆమె అత్తగారిది. అంతకు పూర్వ మెవరిదో తెలియదు. గజనిమ్మపండంత నెరసిన ముడితో నుండు ఆ తల్లి, తన తలకై దాని నెన్నడును వాడుకొనలేదు గాని, ఊరివారందరి ఉసిరికనూనెయు అందులోనే కాగెడిది. పోపు వేసినను, వడియములు వేచినను, నూనె కాచినను, ఆ మూకుడు ఒక్కొక్క పనికి ఒక్కొక్క నాదము చేయుచుండగా, మేము పెరటిలో నుండియే వంట యేమో గ్రహించెడివారము. ఆమె గతించిన పిమ్మట ఆస్తి పంచుకొన్న కుమారులు, కొబ్బరిచెట్ల నీడ ఎవరి వాటాలో పడవలెనో అనుదానికై పెద్దమనుష్యులను పిలిపించినవారు, ఆ మూకుడును మాత్రము తూకమునకు పాతసామానువాని కిచ్చి ప్లాస్టిక్ బకెట్టొకటి పుచ్చుకొనిరి. ఆ బకెట్టు మరుసటి వేసవికే పగిలినది. నేడు వారి యిండ్లలో నాన్‌స్టిక్ పెనములున్నవి. వానిలో ఉసిరిక యుగాంతమువరకు ఉడికినను నల్లబడదు. బజారులో కొన్న పొడులు పనిచేయుట లేదని వారు నాతో మొరపెట్టుకొన్నప్పుడు నేను మౌనము వహింతును.

గోరింటాకొక్కటియే పెట్టిన తెల్లజుట్టు ఇటుకరంగు తేలును. నలుపు కావలసినవారు దానిని కడిగిన వెనుక నీలియాకు పొడిని గోరువెచ్చని నీటిలో కలిపి, దాని సత్తువ తగ్గకముందే పట్టింపవలెను. ఎరుపు మీద నీలము చేరి నలుపగును. ఆ నీలి మనదే. కడప, నెల్లూరు, కర్నూలు సీమలలో పండి ఓడలెక్కిన నీలిమందు, 1897లో జర్మనులు కర్మాగారనీలిని అంగడికి దింపగా క్రమముగా మూలబడినది. పదియేండ్లకు, 1907లో, యూజీన్ షూలెర్ అను ఫ్రెంచి రసాయనవేత్త కృత్రిమకేశరంజనమును సిద్ధపరచెను. పొలములోని నీలియు తలమీది నీలియు ఒకదాని వెనుక ఒకటి సీసాలలో దూరినవి. పారాఫినిలీన్ డయామిన్ అను ద్రవ్యముతో కూడిన అట్టి రంగులు కొందరికి దురదయు, బొబ్బలును, ముఖము వాపును కలిగించును. నల్ల గోరింట యని పొట్లములపై అచ్చువేసి అమ్ము వానిలో సయితము పలుమారు ఇదే యుండును. గోరింట సహజముగా నల్లగా పండదు.

క్షురకుల సంగతి చెప్పనే వలదు. మిథిలాధిపతి మఖాదేవుడు, తన తలలో తొలి తెల్లవెంట్రుక కనబడినప్పుడు చెప్పుమని క్షురకుని నియమించి, అతడు దానిని బంగారుపట్టకారుతో పెరికి చేతబెట్టగా, వానికి ఒక గ్రామము నిచ్చి, రాజ్యము కుమారున కప్పగించి సన్న్యసించెనని జాతకకథ. అది మర్యాద. మా వీథి చివరనున్నవాడు నా తలపై కత్తెర నిలిపి, "రంగేస్తే పదేళ్ళు తగ్గుతారు సార్" అని అద్దములో నన్ను జాలిగా చూచును. ఆ పదియేండ్లును మరల గడుపుమనిన నేను కత్తెర క్రిందినుండి లేచి పారిపోవుదును.

కుదురునందలి రంగుకణములు క్షీణించినప్పుడు వెంట్రుక తెల్లగా పుట్టును. పుట్టి బయటకు వచ్చినది నిర్జీవము. దానికి నలుపును మరల నీయగల నూనె లేదు. చిన్నతనముననే నెరసినవారు బి12 లోపమో, థైరాయిడ్ దోషమో యున్నదేమో వైద్యునికి చూపించుకొనుట మేలు. తక్కినవారికి రెండే మార్గములు: ఓపికయున్నచో ఆకుతో రంగు వేసికొనుట, లేనిచో ఊరకుండుట. రెండును గౌరవప్రదములే, రెండవదానికి ఖర్చు లేదు. ఏ మార్గము త్రొక్కినను, పాఠకులారా, మీ యింటి అటకపై ఇనుప మూకుడున్నచో పాతసామానువానికి వేయకుడు.