చిప్పు పేరు తెలిసిన యజమాని

గ్రాఫిక్స్ డ్రైవరు అనునది యొకటి తన కంప్యూటరులో నున్నదని, తెరపై గల ప్రతి అక్షరమును దాని చలువ వలననే కనబడుచున్నదని, తెర యథావిధిగా వెలుగుచున్నంత కాలము ఎవరికిని స్ఫురింపదు. విండోస్ ఇచ్చు ఆజ్ఞలను గ్రాఫిక్స్ చిప్పునకు బోధపడు రీతికి మార్చి చేరవేయునది అదియే. అది తడబడినచో యంత్రమంతయు స్తంభించి నీలితెర ప్రత్యక్షమగుట పూర్వము పరిపాటి; విండోస్ విస్టా నాటినుండి, చిప్పు 2 సెకండ్లపాటు పలుకకున్నచో డ్రైవరును మాత్రమే మరల మేల్కొలుపు ఏర్పాటు గలదు.

విండోస్ అప్‌డేట్ తనంత తానే డ్రైవరును తెచ్చి నిలుపుచుండగా మనకీ శ్రమ యేలయని యడుగవచ్చును. పెక్కుమందికి అదియే చాలును. కాని తెర మాటిమాటికి నల్లబడుచు, వీడియో ఎడిటింగు నడుమ ఆగిపోవుచు, క్రొత్తగా కొన్న ఆట తెరచుకొనకయే మూతపడుచున్నపుడు స్వయముగా పూనుకొనక తప్పదు. అట్టివేళ వెదకులాటలో ఎదురగు ప్రకటనలను నమ్మి ఊరుపేరు లేని ప్రోగ్రాములను యంత్రమున చేర్చుకొనుట కంటె, అందలి చిప్పు పేరు తెలిసికొనుట సర్వవిధముల శ్రేయస్కరము. డివైస్ మేనేజర్ తెరచి డిస్‌ప్లే అడాప్టర్స్ క్రింద చూచినచో ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ వంటి పేర్లలో ఒకటియో, కొన్ని లాప్‌టాపులలో రెండో కనబడును. డెస్క్‌టాపు గలవారు నేరుగా ఆ సంస్థ సైటునకే పోవచ్చును. లాప్‌టాపు గలవారు మొదట దానిని తయారుచేసిన కంపెనీ ఇచ్చిన డ్రైవరును చూడవలెను, ఏలయన తెర వెలుగు, నిద్రావస్థ వంటివి ఆ నమూనాకు తగినట్లు అందులో కూర్చబడి యుండవచ్చును.

క్రొత్తదెల్ల మేలైనదని భ్రమపడరాదు. 2010 మార్చిలో, ఎన్విడియా వారి 196.75 డ్రైవరు వలన ఫ్యాను వేగము అదుపు తప్పి గ్రాఫిక్స్ కార్డులు మితిమీరి వేడెక్కుచున్నవని ఫిర్యాదులు రాగా, ఆ సంస్థయే దానిని ఉపసంహరించుకొనెను. కంటికి కనబడని వ్రాతలోని దోషము చేతితో తాకగల వస్తువును సైతము చెరుపగలదని తెలిపిన ఈ ఉదంతమును నేనెన్నడును మరువను. కనుకనే, చక్కగా పనిచేయుచున్న డ్రైవరును కారణము లేక కదపరాదనియు, కదపవలసినపుడు ముందుగా యంత్రమును వెనుకటి స్థితికి మరలించు రిస్టోర్ పాయింటు నేర్పరచుకొని పాత డ్రైవరు ఫైలును భద్రపరచుకొనవలెననియు నా దృఢమైన అభిప్రాయము. అటుపిమ్మట చిక్కు వచ్చినను, డివైస్ మేనేజరులోని రోల్ బ్యాక్ డ్రైవర్ మీట పెక్కుసార్లు ఆదుకొనును.

పాత కార్డు గలవారికి ఈ జాగ్రత్త మరింత ముఖ్యము. ఎన్విడియా ఫెర్మి తరము కార్డులకు 2018 ఏప్రిల్‌తో క్రొత్త మెరుగుదలలు నిలిచిపోయినవి. అట్టి కార్డుతోనే చదువు సాగించుచున్న విద్యార్థికి, దానికి సరిపడు చివరి డ్రైవరే పెన్నిధి. కావున పాఠకులారా, యంత్రము బాగుగా నున్న నాడే మీ చిప్పు పేరును, డ్రైవరు సంఖ్యను, తేదీని ఒక కాగితముపై వ్రాసి యుంచుకొనుడు.